బెల్ట్ తీసి డోర్ తెరిస్తే కారు దానంతటదే ‘పీ’లో పడుతోంది: ఎందుకు, ఎంతవరకు నమ్మొచ్చు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. కొత్త ఆటోమేటిక్ కారు. రివర్స్ చేస్తుంటే వెనక చక్రం పక్కనున్న గీత కనపడక, బెల్ట్ తీసి, డ్రైవర్ డోర్ కాస్త తెరిచి వంగి చూశారు. కారు చిన్న కుదుపుతో ఆగి ‘పీ’లోకి, అంటే పార్క్ గేరులోకి వెళ్లిపోయింది. దీనివల్ల గేర్‌బాక్సు దెబ్బతింటుందా, ఈ ఫీచర్‌ని ఆపేయించవచ్చా అని అడిగారు. ‘కారే పీ వేసుకుంటోంది కదా, ఇక దిగేటప్పుడు మనం వేయనక్కర్లేదు’ అని మీ నాన్నగారు అంటున్నారట, అది సరేనా అనేది మూడో ప్రశ్న.

ముందు సూటిగా జవాబులు. గేర్‌బాక్సుకి నష్టం లేదు. కారు దాదాపు నిలబడ్డాకే అది ‘పీ’ వేస్తుంది. అప్పుడప్పుడు జరిగితే పట్టించుకోనక్కర్లేదు. ఆపేయించే ప్రయత్నం చేయకండి. చాలా కార్లలో అలాంటి ఆప్షనే ఉండదు. ఉన్నా మీకు దాని అవసరం లేదు, ఎందుకో కింద చెప్తాను. నాన్నగారి మాట మాత్రం ఒప్పుకోకండి. ‘పీ’ వేయడం మరిచిపోయిన డ్రైవర్‌ని కాపాడటానికి పెట్టిన ఏర్పాటు అది. కొన్ని షరతులు ఒకేసారి కలిస్తేనే పనిచేస్తుంది. వాటిలో ఒక్కటి తప్పినా కారు కదిలిపోతుంది, బీప్ శబ్దం తప్ప ఇంకేమీ రాదు.

కారు ఎలా నిర్ణయిస్తుంది

మీరు దిగిపోతున్నారో, గీత చూస్తున్నారో కారుకి తెలియదు. దానికి తెలిసేది నాలుగైదు సిగ్నళ్లు మాత్రమే: డ్రైవర్ డోర్ తెరిచి ఉందా, డ్రైవర్ బెల్ట్ బకిల్‌లో ఉందా, బ్రేక్ పెడల్ మీద కాలుందా, చక్రాలు ఎంత వేగంతో తిరుగుతున్నాయి, గేరు ఎందులో ఉంది. కొన్ని కార్లు డ్రైవర్ సీటులో మనిషి ఉన్నాడా లేదా అన్నదీ చూస్తాయి. డోర్ తెరిచి, బెల్ట్ తీసి, బ్రేక్ వదిలేసి, కారు దాదాపు ఆగి, గేరు మాత్రం ఇంకా డ్రైవ్‌లోనో రివర్స్‌లోనో ఉంటే ‘డ్రైవర్ దిగుతున్నాడు, పీ వేయడం మరిచాడు’ అని లెక్కగట్టి తానే వేస్తుంది.

మీరు గీత చూడటానికి వంగినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. బెల్ట్ తీశారు, డోర్ తెరిచారు. పక్కకి వంగేటప్పుడు ఒళ్లు తిరిగి కాలు బ్రేక్ మీద నుంచి కాస్త లేస్తుంది, చాలామందికి అది తెలియను కూడా తెలియదు. పెడల్ స్విచ్‌కి ఆ కాస్త చాలు.

ఏ షరతులు కలవాలన్నది కంపెనీని బట్టి, ఒకే కంపెనీలో మోడల్‌ని బట్టి కూడా మారుతుంది. కొన్నింటిలో పైవన్నీ కలవాలి. కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో డోర్, బెల్ట్, సీటు వీటిలో ఏ రెండు మారినా చాలు. ఇంకొన్ని కార్లు బెల్ట్ సంగతి అడగకుండా, డోర్ తెరిచి బ్రేక్ వదలగానే ‘పీ’ వేసేస్తాయి. అందుకే పక్కింటి కారులో ఇలా జరగలేదు కాబట్టి మన కారులో లోపం ఉందనుకోవడం సరికాదు. మీ కారు మాన్యువల్‌లో గేర్ సెలెక్టర్ గురించిన అధ్యాయం తీసి, ‘పీ’ ఆటోమేటిక్‌గా పడే సందర్భాల పేరా వెతకండి. సాధారణంగా అర పేజీ కూడా ఉండదు. మాన్యువల్ మొత్తంలో తప్పకుండా చదవాల్సిన అర పేజీ అది.

ఇంకో విషయం చాలామంది పొరబడతారు. ఈ లెక్క అంతా డ్రైవర్ డోర్‌కి మాత్రమే. వెనక సీటులో పిల్లలు డోర్ తెరిచినా, ముందు పక్క సీటు డోర్ తెరిచినా సాధారణంగా దీపం వెలిగి బీప్ వస్తుంది, అంతే. కారు ‘డీ’లో (డ్రైవ్‌లో) ఉంటే బ్రేక్ వదలగానే ముందుకు పాకుతుంది. ఎవరినైనా దింపేటప్పుడు ‘డీ’లోనే ఉంచి బ్రేక్ మీద కాలుపెట్టుకుని కూర్చునే అలవాటు ఉంటే, దిగేవాళ్లకి ఈ ఫీచర్ రక్షణ ఇవ్వదని గుర్తుంచుకోండి.

‘ఆపడం’ అన్ని కార్లలో ఒకటి కాదు

డోర్ తెరిచినప్పుడు కారు చేయగలిగే పనులు మూడు. మీ కారులో ఏ సామాను ఉందన్న దాన్ని బట్టి ఒకటో, రెండో, మూడూనో జరుగుతాయి.

మొదటిది, గేర్‌బాక్సుని ‘పీ’లోకి మార్చడం. ఇది గేరు ఎలక్ట్రానిక్‌గా మారే కార్లలోనే సాధ్యం. అంటే బటన్లు, గుండ్రంగా తిప్పే నాబ్, లేదా నొక్కి వదిలితే మళ్లీ మధ్యకే వచ్చేసే చిన్న లీవర్ ఉన్నవి. వాటిలో లీవర్ కేవలం ఒక స్విచ్. అసలు మార్పు చేసేది మోటారో, గేర్‌బాక్సులోని హైడ్రాలిక్ ఏర్పాటో. లీవర్‌ని పీ-ఆర్-ఎన్-డీ (పార్క్, రివర్స్, న్యూట్రల్, డ్రైవ్) వరుసలో చేత్తో లాగి అక్కడే నిలబెట్టే పాత పద్ధతి ఆటోమేటిక్‌లో లీవర్ నుంచి గేర్‌బాక్సుకి కేబుల్ ఉంటుంది. దాన్ని లాగే మోటారు లేదు కాబట్టి కారు తనంతట తాను ‘పీ’ వేయలేదు, అరవడం మాత్రమే చేయగలదు.

రెండోది, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్, అంటే ఈపీబీ వేయడం. బటన్‌తో వేసే హ్యాండ్‌బ్రేక్ ఇది. వెనక చక్రాల కాలిపర్లలో (బ్రేక్ ప్యాడ్‌లని పట్టి ఉంచే భాగాల్లో) చిన్న మోటార్లు ప్యాడ్‌లని డిస్క్ మీదికి బిగిస్తాయి, ఆ ‘గ్‌ర్‌ర్’ శబ్దం లోపలికి వినపడుతుంది. కేబుల్ లీవర్ ఆటోమేటిక్‌లోనైనా, క్లచ్ ఉన్న మాన్యువల్ కారులోనైనా ఈపీబీ ఉంటే కంపెనీ తలచుకుంటే ఈ పని చేయించవచ్చు. అన్ని కంపెనీలూ చేయించవు.

మూడోది, పాకడాన్ని ఆపడం. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సుల్లోనూ ఎలక్ట్రిక్ కార్లలోనూ బ్రేక్ వదలగానే కారు మెల్లగా కదలడం సాఫ్ట్‌వేర్ ఇచ్చే కదలిక. డోర్ తెరిస్తే కొన్ని కార్లు దాన్ని ఇవ్వవు. ఇది బ్రేక్ వేయడం కాదు, తోయడం మానేయడం. చదును మీద కారు నిలబడుతుంది, వాలు మీద దొర్లుతుంది. ఈ తేడా తెలియక ‘మా కారు డోర్ తెరిస్తే ఆగుతుంది’ అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. వాళ్లు ఎప్పుడూ పరీక్షించింది చదును నేల మీదే.

గేర్‌బాక్సు సంగతి

‘పీ’ అంటే బ్రేక్ కాదు. గేర్‌బాక్సు అవుట్‌పుట్ వైపు ఒక పళ్ల చక్రం ఉంటుంది. ‘పీ’ వేసినప్పుడు ఒక ఉక్కు కొక్కెం వచ్చి దాని పళ్ల మధ్య ఇరుక్కుంటుంది. వేలెడంత ముక్క, కారు బరువంతా దాని మీదే. కారు కదులుతుండగా అది దిగితే పళ్ల మీద టకటకమని జారుతుంది కానీ పట్టుకోదు, పట్టుకోకుండా ఉండేలాగే చేస్తారు. వేగం బాగా తగ్గాక మాత్రమే ఇరుక్కుంటుంది.

ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఆ టకటక కూడా రానివ్వరు. వేగం ఒక హద్దు కిందికి వచ్చేదాకా ‘పీ’ ఆదేశమే వెళ్లదు. ఆ హద్దు చాలా తక్కువ. ఫియట్ క్రైస్లర్ గుండ్రటి నాబ్ ఉన్న కార్ల మాన్యువల్స్‌లో అది గంటకు 1.9 కి.మీ., అంటే మామూలు నడకలో సగం కూడా కాదు. మీకు తగిలిన కుదుపు ఆ మిగిలిన కాస్త వేగం ఒక్కసారిగా ఆగడం వల్ల వచ్చింది. సీట్లో కూర్చున్నవాళ్లకి పెద్దగా అనిపిస్తుంది కానీ కొక్కేనికి అది లెక్కలోది కాదు.

అసలు అరుగుదల వేరేచోట ఉంది: వాలు మీద రోజూ కారు బరువు కొక్కెం మీద వేలాడదీయడం. ‘పీ’ వేసి వెంటనే కాలు తీస్తే కారు కొన్ని సెంటీమీటర్లు దొర్లి, పన్ను కొక్కేనికి తగిలి ఆగుతుంది. మళ్లీ ‘పీ’ నుంచి తీసేటప్పుడు ‘ధడ్’ అని శబ్దం వస్తుంది, అది బిగుసుకున్న కొక్కెం ఊడే శబ్దం. నాన్నగారు చెప్పినట్టు రోజూ డోర్ తెరిచి కారు చేత ‘పీ’ వేయిస్తే, హ్యాండ్‌బ్రేక్ కూడా తానే వేసుకోని కారులో వాలు మీద ప్రతిసారీ జరిగేది ఇదే.

అలా బిగుసుకుపోయిన కారుని ‘పీ’ నుంచి తీయాలంటే బ్రేక్ పెడల్ గట్టిగా, ఆఖరి వరకు తొక్కి పట్టుకుని గేరు మార్చండి. ‘ధడ్’ వచ్చినా కారు కదలదు. కాలు సగం నొక్కి మారిస్తే మాత్రం ఒక్కసారిగా దొర్లుతుంది.

ఇది ఎందుకు వచ్చింది

ఈ ఫీచర్‌కి ముందు చాలా కార్లలో ఉన్నది బీప్ ఒక్కటే. అది చాలదని తేలడానికి పెద్ద ఉదాహరణ 2016లో వచ్చింది. ఫియట్ క్రైస్లర్ ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 11 లక్షల కార్లని వెనక్కి పిలిచింది: 2014-15 జీప్ గ్రాండ్ చెరోకీ, 2012-14 డాడ్జ్ చార్జర్, క్రైస్లర్ 300. వాటిలో గేర్ లీవర్ ఏ గేరు వేసినా వదలగానే మధ్యకే వచ్చేది. చేతికి ‘పీ’కీ ‘ఆర్’కీ తేడా తెలిసేది కాదు. డ్రైవర్లు ‘పీ’ వేశామనుకుని దిగిపోయేవారు. డోర్ తెరిస్తే శబ్దమూ, డిస్‌ప్లే మీద హెచ్చరికా వచ్చేవి. అయినా దిగేవారు. ఆ జూన్‌లో నటుడు ఆంటన్ యెల్చిన్ తన ఇంటి దగ్గర గ్రాండ్ చెరోకీ వెనక్కి దొర్లి, దానికీ ఇటుక స్తంభానికీ మధ్య నలిగి చనిపోయాక అందరి దృష్టీ దీని మీద పడింది. కంపెనీ ఇచ్చిన మరమ్మతు లీవర్ మార్చడం కాదు. షరతులు కలిస్తే కారే ‘పీ’ వేసుకునేలా సాఫ్ట్‌వేర్ వేశారు. మీ కారు చేసింది కూడా ఆ పనే.

బెల్ట్ పెట్టుకోనందుకూ, పెట్రోల్ తగ్గినందుకూ, కారు ‘ఆర్’లో ఉండగా దిగుతున్నందుకూ దాదాపు ఒకేలాంటి ‘టింగ్ టింగ్’ వినిపిస్తే ఎవరి చెవికైనా అది అలవాటైపోతుంది. ఇది డ్రైవర్ల నిర్లక్ష్యం కంటే డిజైన్ లోపమే ఎక్కువ అని నా అభిప్రాయం.

ఎక్కడ పనిచేయదు

నాన్నగారికి చూపించాల్సింది ఈ భాగం.

వాలు మీద న్యూట్రల్. ఆటో పీ ‘డీ’లో, ‘ఆర్’లో పనిచేసే కార్లలో కూడా ‘ఎన్’ విషయంలో తేడాలుంటాయి, కొన్నింటిలో ‘ఎన్’ని ఉద్దేశపూర్వకంగా వదిలేస్తారు. పదికి ఒకటి వాలు అనుకోండి, అంటే పది మీటర్లకి ఒక మీటరు దిగే రోడ్డు. అక్కడ న్యూట్రల్‌లో బ్రేక్ వదిలిన కారు దాదాపు ఒక సెకనులోనే గంటకు 3 కి.మీ. దాటుతుంది. రెండు సెకన్లకి గంటకు 6 కి.మీ. ప్రాంతం, కదిలిన దూరం మీటరున్నర పైనే. మీరు బ్రేక్ వదిలి, ఆ తర్వాత బెల్ట్ తీసి, ఆ తర్వాత డోర్ తెరిచేసరికి వేగం హద్దు దాటిపోయి ఉంటుంది. ఇక ‘పీ’ పడదు. కొన్ని కార్లు అప్పుడు ముందు హైడ్రాలిక్ బ్రేక్ వేసి, ఆగాక ‘పీ’ వేస్తాయి. కొన్ని ‘పీ పడలేదు’ అని సందేశం చూపించి ఊరుకుంటాయి.

బెల్ట్ క్లిప్పు. బీప్ రాకుండా బకిల్‌లో ఉత్త లోహపు నాలుక గుచ్చి ఉంచేవాళ్లు, బెల్ట్‌ని వీపు వెనక నుంచి పెట్టుకుని కూర్చునేవాళ్లు ఉన్నారు. ఆ కారుకి బెల్ట్ ఎప్పుడూ పెట్టుకున్నట్టే లెక్క. బెల్ట్ తీయడం తప్పనిసరి షరతుగా ఉన్న కారులో ఆ క్లిప్పు ఉన్నంతకాలం ఆటో పీ చచ్చినట్టే. మీ కారులో ఉంటే ఇవాళే తీసి పారేయండి.

ఆటో హోల్డ్, హిల్ హోల్డ్ రెండూ ఒకటే అనుకోవడం. ఆటో హోల్డ్ అనేది బటన్ నొక్కి పెట్టుకునేది, సిగ్నల్ దగ్గర ఆగాక కాలు తీసినా బ్రేక్ ప్రెషర్ పట్టి ఉంచుతుంది. అది పట్టుకుని ఉండగా మీరు డోర్ తెరిచినా, బెల్ట్ తీసినా మామూలుగా ఆ పట్టుని ఈపీబీకి అప్పగిస్తుంది. హిల్ హోల్డ్ వాలు మీద బయలుదేరడానికి సాయం, రెండు మూడు సెకన్లు పట్టుకుని వదిలేస్తుంది. డోర్ తెరిచి ఉంటే కొన్ని కార్లలో అసలు పట్టుకోదు. హిల్ హోల్డ్‌ని నమ్ముకుని దిగడం ప్రమాదం.

డోర్‌తో పాటు బానెట్, డిక్కీ తెరిచి ఉన్నా ఆటో హోల్డ్ మొదలవని కార్లున్నాయి. సామాను వల్ల డిక్కీ సరిగ్గా మూతపడకపోతే ‘ఈరోజు ఆటో హోల్డ్ రావట్లేదు’ అని కంగారు పడకుండా ముందు అది చూడండి.

కొన్ని ఎస్‌యూవీల్లో ఫోర్ వీల్ డ్రైవ్ ‘లో రేంజ్’ (గతుకుల్లో మెల్లగా నడపడానికి వాడే గేరు) వేస్తే ఆటో పీ పూర్తిగా ఆగిపోతుంది. గతుకుల్లో డోర్ తెరిచి చక్రం చూసుకుంటూ నడపాల్సి వస్తుంది కాబట్టి కావాలనే అలా పెట్టారు. అంటే రాళ్ల వాలు మీద, నిజంగా దొర్లిపోయే చోట, రక్షణ లేదన్నమాట.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే కార్లలో ఇంకో చిక్కు. ఇంజిన్ ఆగి నిశ్శబ్దంగా ఉంటే కారు ‘ఆఫ్’ అయిందనిపించి దిగబోతారు. గేరు ఇంకా ‘డీ’లోనే ఉంటుంది. కొన్ని కార్లలో డోర్, బెల్ట్ రెండూ తీస్తే ఇంజిన్ ఇక తిరిగి స్టార్ట్ కాదు, బటన్ నొక్కి మళ్లీ స్టార్ట్ చేసుకోవాలి. కొన్నింటిలో బ్రేక్ వదలగానే ఇంజిన్ లేచి కారు పాకుతుంది. ఎలక్ట్రిక్ కారులో నిశ్శబ్దం ఎప్పుడూ ఉండేదే, కాబట్టి చెవిని కాకుండా డిస్‌ప్లేలో ‘రెడీ’ గుర్తుని నమ్మాలి.

ఇక 12 వోల్టుల బ్యాటరీ బాగా దిగిపోతే ‘పీ’ వేసే మోటారూ కదలదు, ఈపీబీ మోటారూ కదలదు. బ్యాటరీ పడిపోయిన కారుని ‘ఎన్’లో పెట్టి తోసేటప్పుడు డోర్ తెరిస్తే కారు ఆగుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. చక్రం కింద అడ్డు పెట్టండి.

డోర్ తెరిచి రివర్స్ చేయాల్సే వస్తే

ముందు అద్దాలు. ఎడమ, కుడి అద్దాలని వెనక చక్రం కింద నేల కనపడేంత కిందికి వంచుకోండి. రివర్స్ వేయగానే అద్దం దానంతటదే కిందికి వంగే ఏర్పాటు చాలా కార్లలో సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసి ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే మీ సమస్య అక్కడే తీరిపోవచ్చు. లేదంటే కిటికీ అద్దం పూర్తిగా దించి తల బయటపెట్టి చూడండి.

అయినా డోర్ తెరవాలంటే: కారు పూర్తిగా ఆపండి. బెల్ట్ తీయకండి. బ్రేక్ మీద కాలు గట్టిగా ఉంచి అప్పుడు డోర్ తెరవండి. చూడండి. డోర్ మూసి, మళ్లీ కదలండి. తెరిచిన డోర్‌తో కారుని కదిలించడం వేరే రకంగానూ ప్రమాదమే. పక్కనున్న స్తంభానికో, గోడకో డోర్ తగిలితే కారు వెనక్కి పోతున్న బలమంతా డోర్ కీళ్ల మీద పడి అది ముందుకు మడుచుకుపోతుంది. ఆ దెబ్బకి డోరే కాదు, ముందు ఫెండరూ, కీలు బిగించిన స్తంభమూ వంగుతాయి.

‘పీ’ పడిపోతే మళ్లీ బయలుదేరేటప్పుడు ఒక సంగతి. యాక్సిలరేటర్ తొక్కగానే ఈపీబీ దానంతటదే వదలాలంటే చాలా కార్లలో డోర్ మూసి, బెల్ట్ పెట్టుకుని ఉండాలి. అవి లేకుండా తొక్కితే కారు వెనక బిగపట్టినట్టు ఉండి ఇంజిన్ అరుస్తుంది. గట్టిగా తొక్కకుండా బెల్ట్ పెట్టుకోండి, లేదా బ్రేక్ తొక్కి ఈపీబీ స్విచ్‌ని చేత్తో వదలండి.

కారు కడిగే యంత్రంలోకి పంపేటప్పుడు, తాడు కట్టి లాగించేటప్పుడు దీనికి వ్యతిరేకమైన సమస్య వస్తుంది. ‘ఎన్’లో ఉండాల్సిన కారు మీరు దిగగానే ‘పీ’లో పడి చక్రాలు బిగుసుకుంటాయి. లాగుతున్నవాళ్లు అలాగే లాగితే టైర్లు నేల మీద ఈడ్చుకుపోతాయి, గేర్‌బాక్సు నిజంగా దెబ్బతినేది అప్పుడే. కార్ వాష్ మోడ్, లేదా ‘ఎన్’లోనే నిలబెట్టే పద్ధతి మీ మాన్యువల్‌లో ఉంటుంది. ముందే చూసి పెట్టుకోండి. ఆటో హోల్డ్ కూడా ఆఫ్ చేయాలి.

ఆపేయించడం గురించి

వేరే సాఫ్ట్‌వేర్‌తో కోడింగ్ మార్చి తీసేస్తామనేవాళ్లు ఉంటారు. దాన్ని మించిన మోటు పద్ధతి ఒకటుంది: తెరిచిన డోర్ అంచున ఉన్న లాచ్ (డోర్‌ని పట్టి ఉంచే గడియ) నోటిని స్క్రూడ్రైవర్‌తో రెండు క్లిక్‌లు వచ్చేదాకా మూసేస్తే కారు డోర్ మూసి ఉందనుకుంటుంది. మెకానిక్‌లు పరీక్షల కోసం ఇలా చేస్తారు, అది వేరు. అలా మూసిన లాచ్‌ని మరిచిపోయి డోర్‌ని గట్టిగా వేస్తే లాచ్ వచ్చి స్ట్రైకర్ కడ్డీని, అంటే అది పట్టుకోవాల్సిన బాడీ వైపు కడ్డీని, గుద్దుకుంటుంది. ఒకటో రెండో పాడవుతాయి. ముందు హ్యాండిల్ లాగి లాచ్ నోరు తెరుచుకున్నాకే డోర్ వేయాలి.

ఆపేయించకూడదనడానికి నా కారణం సులువైనది. డోర్ స్విచ్ ఒక్క పని కోసం లేదు. ఆటో హోల్డ్, ఈపీబీ దానంతటదే వదలడం, క్రూజ్ కంట్రోల్ కారుని ఆపి పట్టుకోవడం, దానంతటదే పార్క్ చేసుకునే ఏర్పాటు, రిమోట్ లాక్ అన్నీ ఆ సిగ్నల్ మీదే ఆధారపడతాయి. దాన్ని మోసం చేస్తే ఇవన్నీ తప్పుడు లెక్కలతో నడుస్తాయి.

నిజంగా లోపం ఉంటే ఎలా తెలుస్తుంది

మీరు చెప్పిన దాంట్లో లోపం కనపడలేదు. కానీ డోర్ మూసి ఉండగానే ఇలా ‘పీ’ పడితే, ట్రాఫిక్‌లో ఆటో హోల్డ్ కాసేపు వచ్చి కాసేపు పోతుంటే, గతుకుల్లో డోర్ దీపం మిణుకుమంటే, రిమోట్‌తో లాక్ నొక్కితే కారు ఒప్పుకోకపోతే, ఇవన్నీ ఒకే వేలు చూపిస్తాయి: డ్రైవర్ డోర్ సిగ్నల్.

ఇప్పటి కార్లలో ఆ స్విచ్ లాచ్ లోపలే ఉంటుంది, బయటికి కనపడదు. వెతికే వరుస ఇది. స్కానర్ పెట్టి బాడీ కంట్రోల్ మాడ్యూల్‌లో (డోర్లు, దీపాల వంటివి చూసుకునే కంప్యూటర్‌లో) డ్రైవర్ డోర్ స్థితిని ప్రత్యక్షంగా చూస్తూ డోర్‌ని ఒక క్లిక్ వరకు, తర్వాత రెండో క్లిక్ వరకు మెల్లగా వేయండి. రెండో క్లిక్‌కి ‘మూసి ఉంది’ అని నిలకడగా రావాలి. వచ్చాక డోర్‌ని లోపలి నుంచి భుజంతో తోయండి. అప్పుడు ‘తెరిచి ఉంది’కి మారితే స్ట్రైకర్ సర్దుబాటు సమస్య: పాత స్థానం చుట్టూ గీత గీసుకుని, బోల్టులు వదులు చేసి, ఒక్కో మిల్లీమీటరు లోపలికి జరిపి చూడాలి. తోసినా మారకపోతే డోర్‌కీ బాడీకీ మధ్యనున్న రబ్బరు గొట్టాన్ని చేత్తో అటూ ఇటూ వంచండి. అప్పుడు మారితే లోపల తీగ తెగుతోంది. డోర్ వేలసార్లు తెరిచి మూసే చోటు అదే, తీగలు ముందు పోయేదీ అక్కడే. ఈ రెండూ కాకపోతే లాచ్.

లాచ్‌లో గ్రీజు ఎండి, దుమ్ము పట్టి కొక్కెం పూర్తిగా తిరగకపోవడం చాలాసార్లు కారణం. ప్లాస్టిక్‌కి హాని చేయని కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఆరాక, కదిలే లోహపు భాగాలకి మాత్రమే తెల్ల గ్రీజు కొద్దిగా రాయండి. గ్రీజుని లాచ్ నోట్లోకి స్ప్రేతో దట్టించవద్దు, స్విచ్‌లోకి పోతే ఇంకా చెడుతుంది. స్విచ్ పోతే మామూలుగా విడిగా దొరకదు, లాచ్ మొత్తం మార్చాలి. కప్పు దీపం సరిగ్గా వెలుగుతోంది కాబట్టి స్విచ్ బాగుందని అనుకోకండి, కొన్ని లాచ్‌లలో ఒకటి కంటే ఎక్కువ స్విచ్‌లుంటాయి.

మీ కారు ఏం చేస్తుందో మీరే చూసుకోండి

చదునైన ఖాళీ స్థలం. ముందూ వెనకా మనుషులు, గోడలు, బళ్లు లేకుండా పది మీటర్లు. సీటు నుంచి లేవకూడదు, కుడికాలు బ్రేక్ పైనే సిద్ధంగా ఉండాలి. ఆటో హోల్డ్ ఆఫ్ చేయండి.

బ్రేక్ తొక్కి ‘డీ’ వేసి, బెల్ట్ ఉంచుకునే డోర్ తెరవండి. డిస్‌ప్లేలో గేరు గుర్తు మారిందా చూడండి. మారకపోతే బ్రేక్‌ని కొద్దిగా వదలండి. కారు పాకుతుందా, ఆగి ఉంటుందా, ‘పీ’ వేస్తుందా? పాకితే వెంటనే తొక్కేయండి. డోర్ మూసి మళ్లీ మొదలుపెట్టండి, ఈసారి బ్రేక్ తొక్కి ఉంచి బెల్ట్ తీయండి, డోర్ తెరవండి, చివరగా బ్రేక్ వదలండి. ‘పీ’ పడితే ఈపీబీ దీపం కూడా వెలిగిందో లేదో చూడండి. వెలగకపోతే మీ కారు కొక్కెం మీద మాత్రమే నిలబడుతోంది. ఇదే ‘ఆర్’లోనూ చేయండి. వాలు మీద ఈ పరీక్ష చేయకండి.

ఇక నాన్నగారికి దిగే వరుస. బ్రేక్ తొక్కి కారు ఆపాలి. కాలు అలాగే ఉంచి ఈపీబీ స్విచ్ లాగాలి, దీపం నిలకడగా వెలగాలి. ‘పీ’ వేయాలి, డిస్‌ప్లేలో ‘పీ’ కనపడాలి. తర్వాత కాలు మెల్లగా తీసి కారు నిలబడిందని చూసుకోవాలి. ఆఫ్ చేయాలి. బెల్ట్, డోర్ ఆఖరున. పార్కింగ్ బ్రేక్ ముందు, ‘పీ’ తర్వాత వేయడం వల్ల బరువు కొక్కెం మీద కాకుండా బ్రేక్ మీద పడుతుంది.

ఎప్పుడైనా సీట్లో ఉండగానే కారు దొర్లడం మొదలై, బ్రేక్ మీద కాలు పడకపోతే ఈపీబీ స్విచ్‌ని లాగి అలాగే పట్టుకోండి. చాలా కార్లలో కదులుతుండగా దాన్ని పట్టుకుంటే గట్టిగా బ్రేక్ పడుతుంది, వదిలితే పోతుంది. అప్పటికే దిగిపోయి ఉంటే కారు వెంట పరుగెత్తవద్దు, డోర్ పట్టుకుని లోపలికి ఎక్కబోవద్దు, వెనక నిలబడి ఆపబోవద్దు. తెరిచి ఉన్న డోరే మనిషిని తోసి చక్రం కిందికి పడేస్తుంది. పక్కకి తప్పుకుని, కారు వెళ్తున్న దారిలో ఉన్నవాళ్లని కేకవేసి హెచ్చరించండి.